కుడి కంటి పెత్తనం

కంట్లో నలుసు పడితే నలపకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ నలుపుతాము. నేనూ నలిపాను. ఆ తరువాత ఏడాదికి పైగా నా బతుకు ఎట్లా నడిచిందో ఇక్కడ రాస్తున్నాను. ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషీ నా కుడి కంటిలోని తెల్లమచ్చ చూసి "ఏమైంది వదినా?" అంటుంది. అందరికీ చెప్పి చెప్పి నోరు నొస్తోంది. చదువు వచ్చినవాళ్ళు ఇది చదివి, రానివాళ్ళకు వినిపించండి. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, నేను చెప్పిన సంగతి మాత్రం మార్చకండి.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. లేకపోతే కన్ను పోతే ఏం పోయిందో మీకు తెలియదు.

తాండూరులో మా ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. మా ఊళ్ళో చాలా ముసల్మాను ఇళ్ళలో ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు ముసుగు తీయరు. మా రెడ్ల ఇళ్ళలోనూ కొత్తకోడలు మగవాడు కెమెరా పట్టుకొని నిలబడితే తల ఎత్తదు. 1969లో ఒక నిఖా ఇంటివాళ్ళు వచ్చి, "ఫోటోలు కావాలె, కాని లోపలికి మీరు రావొద్దు. మీ ఇంట్ల ఆడమనిషిని పంపుతె మంచిది" అన్నారు. ఇంట్లో ఉన్న ఆడమనిషిని నేనే. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, చేతిలో పని తక్కువ. మా ఆయన చిన్న కెమెరా నా చేతికిచ్చి నేర్పాడు. అప్పటినుంచి తాండూరులో పరదా వెనక ఫోటో అంటే నాదే. నిఖాల నుంచి సీమంతాల దాకా, దుబాయికి పోయిన మగవాళ్ళకు పంపే ఫోటోల దాకా.

ఆ చిన్న కెమెరా వెనకవైపు ఎడమ మూలన గాజుతో చేసిన చిన్న కిటికీ ఉంటుంది. దానిలోంచి చూసి ఫోటో తీయాలి. కుడి కన్ను దానికి ఆనిస్తే ముక్కు పక్కకు పోతుంది, ఎడమ కన్ను కెమెరా బయటనే తెరుచుకొని ఉంటుంది. నేను రెండు కళ్ళూ తెరిచే తీసేదాన్ని. కుడి కన్ను బొమ్మను చూస్తుంది. ఎడమ కన్ను ఎదుటి పిల్ల రెప్ప వేయబోతోందా, ఊపిరి బిగబట్టిందా చూస్తుంది. అంతా కుదిరినప్పుడు కుడి చేతి చూపుడువేలు తానే మీట నొక్కుతుంది. ఒక్కో మనిషికి ఒక్కటే ఫోటో. రెండోది తీయడమంటే ఫిల్ము పారబోయడమే. నా చేతిలో అది ఎప్పుడూ జరగలేదు.

1979, మాఘమాసం

ఆ ఏడు కందులు బాగా పండాయి. ఏడాదికి సరిపడా కందులు కొని, ఇంట్లోనే చెరిగి పప్పు చేసుకోవడం నా అలవాటు. చెరగడానికి ఎవరినో పిలిచి కూలి ఇవ్వడం నాకు చేతకాదు. గాలికి పొట్టు లేచి కుడి కంట్లో పడింది. కొంగుతో నలిపి, మళ్ళీ చాట అందుకున్నాను.

పొద్దు దిగేసరికి కన్ను ఎర్రబడింది. పక్కింటి బాలింత వచ్చి చనుబాలు రెండు చుక్కలు వేసింది. తెల్లారి మా వీధి చివర ముసలమ్మ దగ్గరికి పోయాను. ఆమె నాలుకతో కంట్లో నలుసు తీస్తుంది. మా అందరి ఇళ్ళలోనూ పిల్లలకు ఆమే తీస్తుంది. తీసి నాలుక చివరన చూపించింది కూడా. పొట్టు ముక్క. "పో బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అన్నది. ఆమె మనసు మంచిదే. డబ్బులిస్తే పుచ్చుకోదు.

కాని లోపల పుండు అయింది. పచ్చిమిరపకాయ నూరి కట్టు కట్టినట్టు మంట. దీపం వెలుగు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. ఇంట్లో కిటికీలన్నీ మూసి, చీకట్లో గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన రైలు టికెట్లు తెచ్చాడు. వికారాబాద్‌లో మా బిడ్డ సరోజ ఉంటుంది. అక్కడి దవాఖానలో కంటి డాక్టరమ్మ ఉంది. తలకు దుప్పటి చుట్టుకొని ప్యాసింజరులో కూర్చున్నాను. ఎవరో "గీమెకు సర్పి సోకినట్టున్నది, జర దూరం జరుగుండ్రి" అన్నారు. అంటుకుంటుందేమోనని అందరూ లేచారు, సీటు ఖాళీ అయింది. హాయిగా పడుకొని పోయాను.

వికారాబాద్, ఉగాదికి ముందు

డాక్టరమ్మ కంట్లో దీపం వేసి చూసి నాకు చెప్పకుండా మా ఆయనకు చెప్పింది. అప్పుడే నాకు అర్థమైంది. మంచి సంగతి అయితే రోగికే చెబుతారు.

దవాఖాన వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడటమే ఆ రోజుల్లో నా పని. కళ్ళకు గంతలు ఉన్నవాళ్ళ మధ్య కూర్చుంటే గొంతులే మనుషులు. కరణ్‌కోట గనిలో పనిచేసే ఒకాయనకు బండ పెచ్చు ఎగిరి ఎడమ కన్నుకు తగిలింది. ఆయన నాకంటే ముందే వచ్చి, తన తువ్వాలు పక్కన పరిచి నాకు చోటు పట్టి ఉంచేవాడు.

"అమ్మా, నీకు ఎడమది మంచిగున్నది, నాకు కుడిది మంచిగున్నది. ఇద్దరం కలిస్తె ఒక పూర మనిషి," అన్నాడు ఒకనాడు.

"ఆ మనిషికి ఆకలి మాత్రం ఇద్దరిది అయితది," అన్నాను.

అరుగు మీద అందరూ నవ్వారు. కన్నడం మాట్లాడే ఒకామె ఏమన్నామో అడిగి తెలుసుకొని, ఆలస్యంగా, ఒక్కతే నవ్వింది. అది చూసి మేము మళ్ళీ నవ్వాము. ఆమె మూటలోంచి జొన్నరొట్టె తీసి నా చేతిలో పెట్టింది. ఏ ఊరు, ఎవరు అని అడగలేదు. కంటినొప్పితో ఉన్నప్పుడు నోటికి రుచి తెలియదు. ఆ రొట్టె రుచి మాత్రం తెలిసింది.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. బిడ్డ ఇంట్లో ఊరికే తినడం మా పద్ధతి కాదు. నేను తాండూరు నుంచి జొన్నపిండి, కందిపప్పు మూటకట్టుకొని పోయాను. సరోజకు కోపం వచ్చింది.

"మా ఇంట్ల పిండి లేదా అమ్మా? మీ అల్లుడు చూస్తె ఏమనుకుంటడు? నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"ఇజ్జత్ పోయేది ఊకె తింటె."

"ఊకె తింటున్నవా? దవాఖానకు తీస్కపోతున్న, మందులు పోస్తున్న. అది లెక్కల రాదా?"

"అందుకే పిండి తెచ్చిన."

ఆమె చెంబు నేలకేసి కొట్టి వంటింట్లోకి పోయింది. లోపల ఏడ్చిన చప్పుడు వినిపించింది. గంట గంటకూ మందు చుక్కలు వేయాలి. ఆమె ఏడుస్తూనే వచ్చి వేసింది. చుక్క నా కంట్లో పడ్డదో, ఆమె కన్నీళ్ళు నా చెంప మీద పడ్డవో, రెండూ చల్లగానే ఉన్నాయి. మరునాడు ఆమె నా పిండితోనే రొట్టెలు చేసింది. అల్లుడు బాగున్నాయన్నాడు. ఇక సరోజ ఆ మాట ఎత్తలేదు.

నొప్పి తగ్గింది. కట్టు విప్పారు. డాక్టరమ్మ ఈసారి నాతోనే మాట్లాడింది.

"పుండు మానింది పెద్దమ్మా. తెల్ల పువ్వు మచ్చ మాత్రం ఉంటది. ఎండ, నీడ తెలుస్తది. ఎదురుంగ మనిషి ఉన్నట్టు తెలుస్తది. ఎవరో తెల్వది."

"ఫోటో తీయొచ్చునా?"

ఆమెకు నా పని తెలియదు. తెలిశాక ఒక కాగితానికి మధ్యలో చిన్న రంధ్రం చేసి నా రెండు చేతులకూ ఇచ్చింది. "చేతులు చాపి, గీ రంధ్రంల నుంచి ఆ గోడ గడియారం చూడు" అన్నది. చూశాను. మబ్బు మబ్బుగా ఉంది. "ఇప్పుడు కుడి కన్ను మూయి" అన్నది. మూస్తే గడియారం అసలే లేదు, కాగితమే ఉంది.

"చూసినవా? ఒక కన్ను మంచిగున్నా, నీ చేతులు ఆ కాయితాన్ని మబ్బు కంటి ఎదుటనే పెట్టినయ్. అందరికి ఒక కన్ను పెద్ద కన్ను ఉంటది. నీకు కుడిది. ఇన్నేండ్లు పెత్తనం చేసింది. చూపు పోయినా ఆ పెత్తనం ఒక్కసారే ఇడువది. ఎడమ దానికి నేర్పాలె. నేర్చుకుంటది. టైము పడ్తది."

మా అత్తగారు గుర్తుకొచ్చింది. మంచాన పడ్డాక కూడా ఏ గదిలో ఏ మూట ఎక్కడుండాలో ఆమే చెప్పేది. నాకు నవ్వు వచ్చింది. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇల్లు, బిడ్డలు, ఎవరి సంగతీ గుర్తు రాలేదు. పరదా వెనక నన్ను పిలిచే ఆ ఆడవాళ్ళే గుర్తుకొచ్చారు. ఇంక పిలవరు అనుకున్నాను.

తాండూరు, ఆ ఎండాకాలం

ఇంటికి వచ్చి చాయ్ పోస్తే కప్పు పక్కన పడింది. మెట్టు ఉన్నచోట లేదనుకొని, లేనిచోట ఉందనుకొని నడిచాను. ఒక కన్ను పోయినవాళ్ళందరికీ ఇదే జరుగుతుంది. భయపడకండి. కెటిలు మూతిని కప్పు అంచుకు ఆనించి పోయండి. దండెం మీద బట్ట తీసేటప్పుడు ముందు చేత్తో తడమండి. కొన్ని నెలలకు అదే సర్దుకుంటుంది. సిగ్గుపడి ఒకరితో పోయించుకుంటే ఎప్పటికీ రాదు.

మా ఆయన చిన్న కెమెరాను నూనెబట్టతో తుడిచి బీరువాలో పెట్టాడు. "ఇగ చాలు. పదేండ్లు చేసినవ్. ఇంట్ల కూసో" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. అదే ఇంకా బాధ. స్టూడియోకు ఆడవాళ్ళు కబురు పంపితే, "మా ఆమెకు పానం మంచిగ లేదు" అని తిప్పి పంపేవాడు.

ఖైరున్నీసాబీ మాత్రం కబురు పంపలేదు, స్వయంగా రిక్షాకు పరదా కట్టించుకొని వచ్చింది. మా వీధి వెనకనే వాళ్ళ ఇల్లు. నాకంటే పెద్దది. ఆమె కొడుకు ఆమెను హజ్‌కు పంపాలని ఏర్పాట్లు చేస్తున్నాడు. కాగితాలకు ఫోటో కావాలి, ముసుగు లేకుండా. ఆమె జన్మలో పరాయి మగవాడి ఎదుట ముసుగు తీయలేదు.

నా మంచం పక్కన కూర్చుని, ముసుగు పైకెత్తి నా కన్ను చూసింది. "హాయ్ అల్లా" అన్నది. తరువాత, "నేను ఆగుత" అన్నది.

"ఆగొద్దు బీబీ. నాకు ఇగ రాదు. స్టూడియోల తీపించుకో."

"నక్కో. ఈ ఏడు కాకుంటె వచ్చే ఏడు. అల్లా పిలుస్తడు, నువ్వు ఫోటో తీస్తవు, అప్పుడు పోత."

ఆమె కొడుకు మండిపడ్డాడని తరువాత తెలిసింది. ఆమె వినలేదు. ఆ ఏడు హజ్‌కు పోయేవాళ్ళ వెంట స్టేషనుకు పోయి, సాగనంపి వచ్చింది. నాకు అన్నం సహించలేదు. ఆ వయసులో ఏడాది అంటే ఏమిటో నాకు తెలుసు. నా కంటి కోసం ఒక మనిషి తన హజ్‌ను పక్కన పెట్టింది. నేను మంచం మీద పడుకొని ఉండొచ్చునా?

బీరువా తెరిచి కెమెరా తీశాను. ఫిల్ము వేయలేదు. నేర్చుకోవడానికి ఫిల్ము దండగ.

ఎడమ కన్ను ఆ కిటికీకి ఆనిస్తే మొహమంతా కెమెరా వెనక పడింది. ముక్కు వెనక మూతకు ఒత్తుకుంది. ఊపిరికి గాజు మసకబారింది. ఫిల్ము తిప్పే మీట కుడి బొటనవేలితో లాగితే దాని కొన తిన్నగా పోయి కుడి కంటికి తగిలింది. ఆ దెబ్బకు కళ్ళ ముందు మెరుపులు. కెమెరా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"చెప్పలేదా? ఉన్న ఒక్క కన్ను కూడ పోగొట్టుకుంటవా?"

"నాది తప్పు కాదు. కుడి కన్నోళ్ళ కోసం చేసిన్రు దీన్ని."

"అయితె ఏం చేస్తవ్?"

కోపంతో కెమెరాను తలకిందులు చేశాను. ఏమీ ఆలోచించి చేయలేదు. రోలు మీద పొత్రం తిప్పినట్టు తిప్పాను. ఎడమ మూలన ఉన్న కిటికీ కుడి మూలకు వచ్చింది. ఎడమ కన్ను ఆనించాను. ముక్కు పక్కకు పోయింది. ఊపిరి ఆడింది. ఫిల్ము తిప్పే మీట కిందికి, ఎడమవైపుకు పోయింది, కుడి కంటికి ఆమడ దూరం.

"అరే, తలకిందులు పట్టుకుంటవా! జనం చూస్తె నవ్వుతరు."

"ఫిల్ముకు తలకిందులేంది? కాయితం తిప్పి పట్టుకుంటె అయిపాయె."

మా ఆయన దగ్గరికి వచ్చి, "మరి నొక్కేది ఏ చేత్తో?" అన్నాడు.

అదీ చిక్కు. తలకిందులు చేస్తే నొక్కే మీట ఎడమ చేతి కిందికి వస్తుంది. ఎడమ చేత్తో శుభకార్యం ఫోటో ఎవరు తీయనిస్తారు? మేమూ తీయనివ్వము, వాళ్ళూ తీయనివ్వరు.

నేను పుట్టుకతో పుర్రచేతిదాన్ని. చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద తీస్తే మా అమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి ముడివేసేది. ముగ్గు పెట్టినా, పలక మీద రాసినా అంతే. ఏడేళ్ళు వచ్చేసరికి ఆ చెయ్యి బిందె మోయడానికి, కసువు ఎత్తడానికి మాత్రమే మిగిలింది. యాభై దాటిన తరువాత అదే చేతిని పిలిచి, ఇప్పుడు నువ్వు నొక్కు అనాల్సి వచ్చింది. మొదటి రోజు నుంచే అది వణకలేదు. కళ్ళకంటే చెయ్యే తొందరగా దారికి వచ్చింది.

కళ్ళు మాత్రం సతాయించాయి. కుడి కన్ను తెరిచి ఉంటే దాని మబ్బు వచ్చి ఎడమ కంటి బొమ్మ మీద పరుచుకునేది. ఎంత పట్టుకున్నా కాసేపటికి బొమ్మ జారిపోయి మబ్బే మిగిలేది. ఫిల్ము కడిగే గదిలోని నల్లగుడ్డ ముక్క చించి దానికి గంత కట్టాను. గోడ మీది బల్లిని, దండెం మీది చీరలను, వాకిట్లో కోడిని చూస్తూ ఖాళీ కెమెరా నొక్కుతూ ఆ వానాకాలం, చలికాలం గడిపాను. ఆ కెమెరాలో ఒకటే మనిషి రెండుగా కనబడుతుంది. ముందరి రింగు తిప్పుతూ ఆ రెండు బొమ్మలనూ ఒకటి చేయాలి, అప్పుడే ఫోటో స్పష్టంగా వస్తుంది. ఇంతకుముందు రింగు ఎడమ చేతి పని. ఇప్పుడు కుడి చేతిది. కుడి చెయ్యి మొరటుది, ఎక్కువ తిప్పేది. తిట్టి తిట్టి నేర్పాను.

అందరికీ చెప్పేది ఇదే. పోయింది పోయింది. మిగిలినదానికి పని చెప్పాలి. రోజూ చెప్పాలి. అది చేయనంటుంది. అయినా చెప్పాలి.

1980, ఎండలు ముదరకముందు

ఖైరున్నీసాబీ కోడలు వచ్చి, కాగితాలకు వేళ అయిందన్నది. ఈసారి ఫోటో లేకపోతే ఆమె కొడుకు ఇంక అడగనన్నాడట. నేను వస్తున్నాను అని చెప్పి పంపాను.

మా ఆయన కెమెరాలో ఫిల్ము వేసి ఇచ్చాడు. వాళ్ళ ఇంటి ముందు గది దాకా వచ్చి అక్కడే ఆగాడు. లోపలికి నేనొక్కదాన్నే పోయాను. వెనక వసారాలో వెలుతురు మంచిగా ఉంది. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. ఖైరున్నీసాబీ స్టూలు మీద కూర్చుంది. కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆమె ఆడబిడ్డ అందరూ చుట్టూ చేరారు.

నేను కుడి కంటికి నల్లగుడ్డ కట్టుకొని, కెమెరా తలకిందులు చేసి ఎత్తగానే గోల మొదలైంది.

"అగే అమ్మా! ఉల్టా పకడీ!" అన్నది ఒక కోడలు.

"నేను గూడ తలకిందులు వస్తనా?" అని ఖైరున్నీసాబీ కడుపు పట్టుకొని నవ్వింది.

"మూతి బిగబట్టి కూసో బీబీ. ఇది హజ్ ఫోటో, పెండ్లి ఫోటో కాదు."

ఆడబిడ్డ మాత్రం నవ్వలేదు. ఆమె నా చేతినే చూస్తోంది. "బాయే హాత్ సే?" అన్నది. "హజ్ కాయితానికి ఎడమ చేత్తోనా? సీదా చెయ్యికి ఏమైంది?"

కెమెరా దించాను. ఆమె అన్నది తప్పని నేను అనలేను. మా ఇంట్లో అయితే నేనూ అదే అనేదాన్ని.

ఖైరున్నీసాబీ స్టూలు మీదినుంచి కదలకుండా అన్నది: "ఫోటోల ఆమె చెయ్యి పడ్తదా? పడదు. నా మొకం పడ్తది. చుప్ కూసో." తరువాత నావైపు తిరిగి, "తియ్యి చెల్లె. ఏడాది సంది కూసున్న," అన్నది.

ఎడమ కన్ను ఆనించాను. ఆమె మొహం రెండుగా ఉంది. కుడి చేత్తో రింగు తిప్పాను. ఎక్కువైంది. వెనక్కి తిప్పాను. ఒక ముక్కు ఇంకో ముక్కు మీదికి వచ్చింది, కళ్ళు కళ్ళ మీదికి వచ్చాయి. గంత కింద కుడి కన్ను తనకు చూపించమని గుంజుతోంది. గుంజుకోనిచ్చాను. ఇదివరకు బయటి కన్ను ఆమె ఊపిరిని చూసేది. ఇప్పుడు ఆ కన్ను లేదు. చెవి పెట్టి విన్నాను. ఆమె ఊపిరి లోపలికి పోయి, ఆగింది. ఎడమ చెయ్యి నొక్కింది.

"ఇంకోటి తియ్యి," అన్నారు కోడళ్ళు. "గిది రాకపోతె?"

తీయలేదు. పట్టుదల అనుకోండి, పిసినారితనం అనుకోండి. రెండోది తీస్తే మొదటిదాని మీద నాకే నమ్మకం లేనట్టు. బయటకు వస్తే మా ఆయన లేచి నిలబడ్డాడు. కెమెరా అందుకొని ముందు నడిచాడు.

ఆయన చీకటి గదిలో ఉన్నంతసేపూ నేను బయట బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ఏరిన రాళ్ళు మళ్ళీ బియ్యంలోనే వేసినట్టున్నాను. తలుపు తీసి తడి ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"జర వంకర వచ్చింది," అన్నాడు. "కాయితం మీద వేసేటప్పుడు సీదా చేస్త."

"వంకర సంగతి అడగలేదు."

"రెప్ప వెంట్రుకలు కూడ కనవడ్తున్నయ్," అన్నాడు. మళ్ళీ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మరునాడు ఫోటోలు తీసుకొని నేనే పోయాను. ఖైరున్నీసాబీ వాటిని కళ్ళకు అద్దుకొని కొడుకు చేతికి పంపింది. నేను పోతానని లేస్తే, వెనక వసారా నుంచి ఆమె ఆడబిడ్డ పిలిచింది. ఆమె కొడుకు దుబాయిలో ఉన్నాడు. అమ్మ ఫోటో పంపమని ఎన్నాళ్ళనుంచో రాస్తున్నాడట. ఆమె తెల్ల దుప్పటి ముందు స్టూలు వేసుకొని అప్పటికే కూర్చుంది. నా ఎడమ చేతిని ఒకసారి చూసి, నడుము నిటారు చేసింది. కంటికి గంత కట్టుకున్నాను. ఆమె ముసుగు తీసింది. గడ్డం జర కిందికి దించమని చెప్పి, కెమెరా తలకిందులు చేశాను.